మంచు ఆగిన మర్నాడు బ్యాచ్‌ను కదపకండి: హైదరాబాద్ ట్రెక్కింగ్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహకులకు, ట్రెక్ లీడర్లకు,

నమస్కారం. డిసెంబరు నుంచి మార్చి దాకా హైదరాబాద్ నుంచి కేదార్‌కంఠకు, బ్రహ్మతాల్‌కు, దయారా బుగ్యాల్‌కు, కువారీ పాస్‌కు మీరు బ్యాచ్‌లు నడుపుతున్నారు. పుట్టి బుద్ధెరిగాక మంచు చూడని మనవాళ్ళకు హిమాలయాన్ని చూపిస్తున్నారు. ఆ శ్రమ మీద మాకు గౌరవముంది.

గత శీతాకాలం ముగిశాక మీలో పలువురికి విడివిడిగా ఉత్తరాలు రాశాం. అడిగింది రెండే ప్రశ్నలు: మంచు తుపాను ఆగాక మీ బ్యాచ్‌ను ఎన్ని గంటలు ఆపుతారు? ఆపాలని ఎవరు నిర్ణయిస్తారు? ఒకరిద్దరు ‘మా గైడ్లు అనుభవజ్ఞులు’ అని ఒక వాక్యంతో సరిపెట్టారు. మిగతావాళ్ళు పలకనే లేదు. అందుకే అదే మాట ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాం.

మొదట ఒక మాట గురించి. మన పత్రికల్లో ఆకాశం నుంచి మంచు కురిసినా ‘హిమపాతమే’, కొండ మీది మంచు పలక తెగి మనుషుల్ని పూడ్చేసినా ‘హిమపాతమే’. ‘ఉత్తరాఖండ్‌కు హిమపాతం హెచ్చరిక’ అని వార్త వస్తే, ఆ వారం టికెట్ తీసుకున్న కుర్రాడు మంచు బాగా పడుతుందని సంబరపడతాడు. మీ గ్రూపుల్లో పంపే సందేశాల్లోనూ ఇదే గందరగోళం ఉంది. కాబట్టి ఈ లేఖలో కురిసేదాన్ని మంచు కురవడం అనే అంటాం, విరిగి జారిపడేదాన్ని అవలాంచ్ అంటాం. మీరూ ఈ రెంటినీ విడదీసి రాయండి.

1. అసలు ప్రమాదం తుపాను రోజున కాదు, తుపాను వెళ్ళిన మర్నాడు.

సంక్రాంతి సెలవుల బ్యాచ్ సంగతే తీసుకుందాం. రెండు రోజులు ఆగకుండా మంచు. అందరూ టెంట్లలోనే ఉండిపోతారు. మూడో రోజు తెల్లవారేసరికి ఆకాశం నీలంగా, కొండంతా తెల్లగా ఉంటుంది. చేతిలో ఒక్క రోజే మిగిలింది, సోమవారం ఆఫీసు. ‘వాతావరణం తేరుకుంది, పదండి’ అంటారు. కొండవాలు అతి తక్కువ బరువుకు తెగేది సరిగ్గా ఆ రోజే.

కొత్తగా పడిన మంచు పాత మంచుతో అతుక్కోవడానికి సమయం కావాలి. 24 గంటల్లో 30 సెంటీమీటర్లు పడితే అప్రమత్తం కావాల్సిందే. గాలి బలంగా ఉంటే 10, 20 సెంటీమీటర్లు కూడా చాలు. గాలి ఒకవైపు మంచును ఊడ్చి శిఖరం అవతలి వాలు మీద పోస్తుంది. అటుపక్క పేరుకునే మందం, ఆకాశం నుంచి పడినదానికి మూడు నుంచి ఐదు రెట్లు ఉండొచ్చు. క్యాంపులో మోకాలి లోతు కొలిచి పైన కూడా అంతే ఉంటుందనుకోవడం అందుకే తప్పు. శిఖరం అంచు నుంచి మంచు పొగ జెండాలా ఎగురుతూ కనిపిస్తే, ఆకాశం ఎంత తేటగా ఉన్నా అవతలి వాలు మీద బరువు పెరుగుతూనే ఉందని అర్థం. దానికి తోడు ఎండ. మధ్యాహ్నానికి దక్షిణపు వాలు మెత్తబడి, ఉదయం నిలిచిన మంచే సాయంత్రం లోపు జారుతుంది.

2. కొత్త మంచు కింద ఏముందో పైనుంచి కనిపించదు.

నవంబరు, డిసెంబరుల్లో పలుచగా పడిన మంచు మీద చలిరాత్రులు వరసగా గడిస్తే, అడుగున గింజలు ఒకదానికొకటి పట్టు వదిలేసి పంచదార పలుకుల్లా విడిపోతాయి. చేతిలోకి తీసుకుంటే ముద్ద కట్టవు. జనవరిలో పశ్చిమ కల్లోలం (పడమటి నుంచి వచ్చే శీతాకాలపు తుపాను) వచ్చి దానిమీద అడుగు మందాన గట్టి పొర పరుస్తుంది. బొంబాయి రవ్వ పోసి, దానిమీద షాబాద్ బండ పెట్టి, ఒక వైపు ఎత్తితే ఏమవుతుందో అక్కడా అదే జరుగుతుంది. ఒక మనిషి అడుగు వేసిన చోట పుట్టిన పగులు ఆ రవ్వ పొర వెంట పదుల మీటర్లు పాకుతుంది. తెగే చోటు నడిచేవాడి తలపైన ఉండొచ్చు. చదును నేల మీద నడుస్తున్నవాళ్ళ కాలి బరువుకే పక్కనున్న వాలు జారిన సందర్భాలూ ఉన్నాయి. ఇలాంటి పొర ఉన్నప్పుడు 48 గంటలు ఆగినా చాలదు, ఆ ప్రమాదం వారాల తరబడి నిలుస్తుంది.

కొండ కొన్ని సంకేతాలు మాత్రం ఇస్తుంది. అడుగు వేయగానే ‘వుంఫ్’ మని లోతైన శబ్దంతో మంచు కూలబడటం. బూటు ముందు నుంచి పగులు గీతలా పరుగెత్తడం. పక్క వాలు మీద నిన్నో మొన్నో జారిన ఆనవాళ్ళు. మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఇక్కడ చర్చకు చోటు లేదు. ఆ శబ్దాన్ని ‘మంచు సర్దుకుంటోంది, మంచిదే’ అని చెప్పే గైడు మీ దగ్గర ఉంటే, ఆయనకు శిక్షణ ఇప్పించే దాకా శీతాకాలపు బ్యాచ్‌లు అప్పగించకండి.

3. ప్రమాదకరమైన వాలు మనం ఊహించేంత నిటారుగా ఉండదు.

పలక అవలాంచ్‌లు ఎక్కువగా తెగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. మన అపార్ట్‌మెంట్లలో 7 అంగుళాల ఎత్తు, పదిన్నర అంగుళాల వెడల్పు ఉన్న మెట్ల వరస వాలు దాదాపు 34 డిగ్రీలు. ట్రెక్ కోసం మీవాళ్ళు బ్యాగు మోస్తూ ఎక్కి దిగి సాధన చేసే మెట్లు ఉన్నాయే, అంత వాలే చాలు.

ఫోన్‌లో వాలు కొలిచే యాప్ ఉంటుంది. చలికి ఫోన్ ఆగిపోతే రెండు ట్రెక్కింగ్ పోల్స్ (చేతికర్రలు) చాలు. రెంటినీ ఒకే పొడవుకు సరిచేయండి. ఒకదాన్ని పిడి కిందివైపు ఉండేలా వాలు వెంట మంచుమీద పడుకోబెట్టి నొక్కితే రెండు కొసల గుర్తులు పడతాయి. పై కొసను కదపకుండా పిడి వైపు పైకి లేపి, ఆ పిడి దగ్గర నుంచి రెండో పోల్‌ను తిన్నగా వేలాడదీయండి. దాని మొన సరిగ్గా కింది గుర్తు మీద తాకితే వాలు 30 డిగ్రీలు. గుర్తుకు కింద తాకితే అంతకంటే ఎక్కువ, పైన తాకితే తక్కువ. 120 సెంటీమీటర్ల పోల్‌తో ప్రతి 10 సెంటీమీటర్ల తేడా సుమారు 3 డిగ్రీలు. పని అరనిమిషంలో అయిపోతుంది. కొలవాల్సింది మాత్రం సురక్షితమైన చోట నిలబడే. అనుమానమున్న వాలు ఎక్కి కాదు.

మీ కాళ్ళ కింది వాలే కాదు, మీకు పైనున్న వాలూ మీదే. లోయ అడుగున చదునుగా ఉన్న దారి మీదికి పైనుంచి వచ్చిపడుతుంది. చుట్టూ అడవి ఉండి మధ్యలో చెట్లు లేని బాట ఒకటి నిలువుగా దిగివస్తే, మిగిలిన చెట్లకు కొండ ఎగువ వైపు కొమ్మలన్నీ విరిగిపోయి ఉంటే, అది అవలాంచ్ నడిచే దారి. అక్కడ టెంట్ వేయకూడదు, భోజనానికి ఆగకూడదు, గ్రూపు ఫొటో అసలే వద్దు. ఇరుకైన వాగు గాడి అయితే మరీ ప్రమాదం. చిన్న అవలాంచ్ కూడా అక్కడ నిలువెత్తు కుప్పపడుతుంది.

4. పూడిపోయినవాళ్ళకు ఉండేది 10 నుంచి 15 నిమిషాలు.

50 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, అరమీటరు మందం ఉన్న పలక పెద్దదేమీ కాదు. ఘనమీటరుకు 200 కిలోలు వేసుకున్నా 150 టన్నులు. అంటే 3,000 సిమెంటు బస్తాలు, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో. ఆగగానే ఆ మంచు బిగుసుకుపోతుంది. పూడినవాళ్ళు వేలు కూడా కదపలేరు. పైనుంచి అరిస్తే లోపలికి వినిపించొచ్చు, లోపలి అరుపు మాత్రం పైకి రాదు.

పూర్తిగా పూడినవాళ్ళను 10 నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంటకు ముగ్గురే మిగులుతారు. ఎక్కువమంది ఊపిరాడక పోతారు, మిగతావాళ్ళు దెబ్బల వల్ల. బయటినుంచి రక్షణ బృందం అరగంటలో రావడం ఆ కొండల్లో జరిగే పని కాదు. తుపాను వెంటనే హెలికాప్టరు మీద ఆశ పెట్టుకోలేం. కాపాడాల్సింది పక్కనున్నవాళ్ళే.

అందుకు మూడు వస్తువులు, మూడూ ప్రతి ఒక్కరి ఒంటిమీదా ఉండాలి. 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే అవలాంచ్ బీకన్, అంటే రేడియో సంకేతం పంపుతూ, పూడినవాళ్ళ సంకేతాన్ని పట్టుకునే చిన్న పరికరం. కనీసం 240 సెంటీమీటర్ల పొడవు సాగే మడత ప్రోబ్, అంటే మంచులో గుచ్చి వెతికే సన్నటి కడ్డీ. లోహపు పార. ప్లాస్టిక్ పార బిగిసిన మంచు మీద విరుగుతుంది. బీకన్ లేకుండా వరసగా నిలబడి ప్రోబ్‌లు గుచ్చుతూ వెతకడానికి గంటలు పడుతుంది. పార లేకుండా చేతులతో తవ్వడం కుదరదు, మీటరు లోతున ఉన్న మనిషిని తీయాలంటే టన్నుకు పైగా మంచు తోడాలి.

ఇక మీరు అద్దెకిచ్చే సామాను జాబితా చూడండి: మైక్రోస్పైక్స్, గేటర్స్, పోంచో, హెడ్ ల్యాంప్. స్పైక్స్ కాలు జారకుండా చూస్తాయి, గేటర్స్ బూటులోకి మంచు పోకుండా ఆపుతాయి. మీ ప్రకటనల్లో భద్రత అంటూ చూపించే ఆక్సిజన్ సిలిండరు ఎత్తువల్ల వచ్చే జబ్బుకు. అవలాంచ్‌కు వీటిలో ఏదీ పనికిరాదు. ‘పూర్తి సేఫ్టీ పరికరాలు’ అన్న మాట అచ్చు వేసే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

5. ఇది మనకు దూరంగా ఉన్న సంగతి కాదు.

2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ మనందరికీ గుర్తే. ఆ తుపాను శేషమే రెండు రోజుల తర్వాత నేపాల్‌లో అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాల్లో మంచు తుపానై కురిసింది. తోరాంగ్ లా కనుమ చుట్టుపక్కల చలికి, అవలాంచ్‌లకు కనీసం 43 మంది చనిపోయారు. బంగాళాఖాతంలో వాయుగుండం గురించి విన్న ట్రెక్ నిర్వాహకుడు హిమాలయం వైపు కూడా చూడాలి.

2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డండా-2 శిఖరం మీద శిక్షణలో ఉన్న పర్వతారోహకుల బృందాన్ని అవలాంచ్ ఊడ్చేసింది. 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరి జాడ తెలియలేదు. తాళ్ళు, బోధకులు, శిక్షణ అన్నీ ఉన్న బృందం అది. 2023 ఏప్రిల్ 4న గాంగ్‌టక్ నుంచి నాథులా వెళ్ళే రోడ్డు దగ్గర ఏడుగురు పర్యాటకులు పోయారు. వాళ్ళు కొండ ఎక్కడానికి వెళ్ళినవాళ్ళు కూడా కాదు. 2025 ఫిబ్రవరి 28న ఉత్తరాఖండ్‌లోని మాణా దగ్గర రోడ్డు పనివాళ్ళ శిబిరం మీద పడి 54 మంది చిక్కుకుంటే 46 మందిని తీయగలిగారు, 8 మంది పోయారు. ముందు రోజు సాయంత్రమే చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ, ఉత్తరాఖండ్‌లో 2,400 మీటర్లకు పైనున్న చోట్లకు అవలాంచ్ హెచ్చరిక ఇచ్చింది. హెచ్చరిక ఇచ్చిన జిల్లాల్లో ఉత్తరకాశీ కూడా ఉంది. సాంక్రీ నుంచి బయలుదేరిన కేదార్‌కంఠ బ్యాచ్ తొలి క్యాంపుకే ఆ ఎత్తు దాటుతుంది.

కేదార్‌కంఠ దారి చాలావరకు అడవిలో, ఓ మోస్తరు వాలులో సాగుతుందని మాకు తెలుసు. అన్ని దారులూ ఒకేలా ప్రమాదకరమని మేం అనడం లేదు. చెట్లు అయిపోయాక వచ్చే ఆఖరి వాలు, రద్దీ తప్పించుకోవడానికి తీసే అడ్డదారులు, ఆలస్యమైతే కొండ వెన్ను (రిడ్జ్) వదిలేసి వాలు మీదుగా దింపడం – మా ఆందోళన వీటి గురించి.

6. నష్టం ఎవరిదో కూడా చూడండి.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగిన 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు, ఎగువ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. వారాల తరబడి ఆ ఒడ్డున కూర్చున్న తల్లిదండ్రులను ఈ నగరం మరచిపోలేదు. పైన ఏం జరుగుతోందో కింద నిలబడ్డ పిల్లలకు తెలియదు. తెలుసుకుని చెప్పాల్సిన బాధ్యత తీసుకెళ్ళినవాళ్ళది. మంచు కొండ కింద కూడా అంతే. మీ బ్యాచ్‌లో ఉండేది ఇంటి ఈఎంఐ కడుతున్న కొడుకు, పెళ్ళి కుదిరిన అమ్మాయి, చదువు కోసం అప్పు చేసిన కుటుంబంలో మొదటి ఉద్యోగి.

ఇంకొకరు ఉన్నారు, ఎప్పుడూ లెక్కలోకి రారు. బ్యాచ్ కంటే ముందే బయలుదేరి మంచులో దారి తొక్కేది, పై క్యాంపులో టెంట్లు వేసేది అక్కడి పల్లెల వంటవాళ్ళు, కంచరగాడిదలు తోలేవాళ్ళు, బరువులు మోసేవాళ్ళు. కొత్త మంచు మీద మొదటి బరువు వాళ్ళదే. ట్రెక్కర్‌కు చేయించిన బీమా వాళ్ళకు చేయించారా?

7. మేం కోరేవి.

(అ) ప్రతి శీతాకాలపు కార్యక్రమంలో ఖాళీ రోజులు రెండు పెట్టండి. వాటి తిండి, టెంటు ఖర్చు ముందే ఫీజులో కలపండి. మంచు, గాలి రెండూ ఆగాక కనీసం 24 గంటలు బ్యాచ్ క్యాంపులోనే ఉండాలి. 24 గంటల్లో 30 సెంటీమీటర్లకు మించి పడితే 48 గంటలు. రెండు రోజులూ వాడాల్సి రాకపోతే బ్యాచ్ ఊళ్ళో సేదతీరి వస్తుంది, నష్టం లేదు. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ పొద్దంతా పట్టే కొండదారి, మంచుకు అదీ మూసుకుపోతుంది. కాబట్టి దిగిన రోజు రాత్రికే విమానం టికెట్ తీసుకోమని చెప్పడం మానండి. వాలు మీద తప్పుడు నిర్ణయం శంషాబాద్ టికెట్ దగ్గరే మొదలవుతోంది.

(ఆ) తుపాను వల్ల శిఖరం వదిలేసి వెనక్కి తిప్పితే ట్రెక్ లీడర్ జీతంలో గానీ, రేటింగ్‌లో గానీ కోత ఉండకూడదు. శిఖరం చేరిన బ్యాచ్‌కు బోనస్ ఇచ్చే పద్ధతి ఎక్కడున్నా తీసేయండి. ‘వంద శాతం సమ్మిట్’ అని ప్రకటన వేసేవారు, ఏ రోజు ఆగాలో తెలియదని తామే ఒప్పుకుంటున్నట్టు.

(ఇ) బీకన్, ప్రోబ్, పార అందరికీ లేని బ్యాచ్ 30 డిగ్రీల మంచు వాలు మీదికీ, దాని కిందికీ వెళ్ళకూడదు. బీకన్ ఖరీదు పాతిక, ముప్పై వేలు ఉంటుంది, 20 మందికి కొనడం చిన్న విషయం కాదు. కొనలేకపోతే తప్పేమీ లేదు, అలాంటి వాలు లేని దారులే ఎంచుకోండి. లీడర్ ఒక్కడి దగ్గరే బీకన్ ఉంటే మాత్రం అతను ఎవరినీ వెతకలేడు. వెతకడానికి పూడినవాడి ఒంటిమీద కూడా అది సంకేతం పంపుతూ ఉండాలి.

(ఈ) బీకన్ ఉంటే చాలదు, చేతికి అలవాటు కావాలి. నగరంలోనే ఏదో ఒక మైదానంలో, 50 మీటర్ల చదరంలో ఆకుల కుప్ప కింద బీకన్ దాచి సాధన చేయించవచ్చు. ఫోన్‌ను బీకన్‌కు మామూలుగా నడిచేటప్పుడు 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలని అక్కడే తెలుస్తుంది. గుచ్చిన ప్రోబ్ మనిషికి తగిలితే బయటికి లాగకూడదు. దాన్ని అలాగే ఉంచి, లోతుకు ఒకటిన్నర రెట్లు కింది వైపు జరిగి, వాలులోకి అడ్డంగా తవ్వుకుంటూ వెళ్ళాలి. నేరుగా పైనుంచి గొయ్యి తీస్తే పూడినవాడి ఊపిరి ఖాళీ మీద మీ బరువే పడుతుంది. ముఖం బయటపడగానే నోట్లో, ముక్కులో మంచు తీసి, ఊపిరి లేకపోతే ముందు 5 శ్వాసలు ఇవ్వాలి. లీడర్లందరికీ ఏటా నవంబరులో ఈ పరీక్ష పెట్టండి. మీటరు లోతున ఉన్న బీకన్‌ను 5 నిమిషాల్లో కనుక్కోలేనివారు ఆ ఏడాది శీతాకాలపు బ్యాచ్ నడపకూడదు.

(ఉ) భువనగిరి కోట బండ మీద తాడుతో ఎక్కడం మంచి శిక్షణే. అయితే రాయి నేర్పేది రాయినే. శీతాకాలంలో మంచు మీద నడిపే లీడర్‌కు ఉత్తరకాశీ, మనాలీ, డార్జిలింగ్ వంటి చోట్ల ఉన్న పర్వతారోహణ సంస్థల్లో శిక్షణ తప్పనిసరి చేయండి, ఆ ధ్రువపత్రం ట్రెక్కర్‌కు చూపించండి. మంచులో 90 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు దిమ్మెను వేరుచేసి, మణికట్టు నుంచి పది, మోచేయి నుంచి పది, భుజం నుంచి పది దెబ్బలు కొట్టి చూసే పరీక్ష వాళ్ళకు వచ్చి ఉండాలి. దిమ్మె అడ్డంగా పూర్తిగా తెగితే వెళ్ళకూడదు. తెగకపోతే మాత్రం ‘వెళ్ళవచ్చు’ అని అర్థం కాదు, అది ఆ ఒక్క చోటు సంగతే.

(ఊ) ప్రతి సాయంత్రం డీజీఆర్‌ఈ హెచ్చరిక స్థాయి, క్యాంపులో కొలిచిన కొత్త మంచు, గాలి దిశ, ఈ మూడూ కాగితం మీద రాసి బ్యాచ్ ముందు చదవండి. కొలవడానికి తెల్లరంగు వేసిన 40 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్క, ఒక స్కేలు చాలు. హెచ్చరిక ఐదు స్థాయిల్లో ఉంటుంది. మూడో స్థాయి మధ్యలో ఉంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, యూరప్ లెక్కల్లో ఎక్కువ మరణాలు ఆ స్థాయి రోజుల్లోనే జరిగాయి. నాలుగు, ఐదు అయితే ట్రెక్ ఆగాలి. తప్పనిసరిగా వాలు దాటాల్సి వస్తే ఒక్కొక్కరుగా, మిగతావాళ్ళు సురక్షితమైన చోటు నుంచి చూస్తుండగా, బ్యాగు నడుము పట్టీ విప్పుకుని, పోల్ దారాలు మణికట్టు నుంచి తీసేసి దాటించండి. 20 మంది వరసగా వాలు మీద ఉండగా తీసిన వీడియోలు మీ పేజీల్లో ఉన్నాయి. అవి గొప్ప కాదు, సాక్ష్యం.

(ఋ) బీమా పత్రంలో ఎంత ఎత్తు దాకా వర్తిస్తుందో, మంచు ట్రెక్కింగ్‌ను మినహాయించారో లేదో డబ్బు కట్టకముందే తెలుగులో ఇవ్వండి. మోసేవాళ్ళకు, వంటవాళ్ళకు అదే బీమా చేయించండి.

ఉద్యోగులను బృందాలుగా పంపే కంపెనీలు, విద్యార్థులను పంపే కళాశాలలు కూడా ఈ ఏడింటికీ లిఖితపూర్వక జవాబు తీసుకోకుండా అనుమతి ఇవ్వొద్దని మనవి. ట్రెక్‌కు పేరు ఇచ్చిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: ‘మంచు ఆగాక ఎన్ని గంటలు ఆగుతారు?’ అంకె చెప్పలేని చోట డబ్బు కట్టకండి.

నిర్వాహకులారా, ఈసారి జవాబు మాకు కాదు, మీ మీ బుకింగ్ పేజీల్లోనే పెట్టండి. డిసెంబరు మొదటి బ్యాచ్ రైలు ఎక్కే లోపు పెట్టండి.

ఇట్లు,
మంచు కొండల్లో శిక్షణ పొందిన కొందరు హైదరాబాద్ పర్వతారోహకులు